కత్తెర కోతలోంచి పుట్టిన షూ: వ్యాన్స్ స్కేట్ హాఫ్ క్యాబ్

మూడు దశాబ్దాలు దాటినా ఒకే ఆటగాడి పేరుతో అంగట్లో నిలిచిన స్కేట్ షూ (చక్రాల బోర్డు ఎక్కి ఆడే స్కేట్‌బోర్డింగ్‌కు వేసుకునే షూ) ఏదంటే ముందు చెప్పాల్సింది అమెరికా షూ కంపెనీ వ్యాన్స్ వారి హాఫ్ క్యాబ్ పేరే. ఆ ఆటగాడు స్టీవ్ కబలేరో. ఊరు కాలిఫోర్నియాలోని శాన్ హోసే, ఆడింది పావెల్ పెరాల్టా కంపెనీ వారి బోన్స్ బ్రిగేడ్ జట్టుకు. ర్యాంపు మీద వెనక్కి జారుతూ పైకి వెళ్ళి, బోర్డును చేత్తో పట్టుకోకుండా గాల్లో పూర్తి చుట్టు తిరిగి దిగడం అతను ఆటకిచ్చిన ట్రిక్. దాన్ని కబలేరియల్ అంటారు. అందులో సగం తిరిగితే హాఫ్ క్యాబ్. షూకి ఆ పేరు రావడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది నిజంగానే సగానికి కోసిన షూ.

1989లో వ్యాన్స్ కబలేరో పేరుతో తెచ్చిన షూ చీలమండ దాటి పైకి వచ్చేది. ర్యాంపు ఆటకు అది బాగానే ఉండేది. అయితే అప్పటికే ఆట వీధుల్లోకి, మెట్ల మీదికి, ఫుట్‌పాత్ అంచుల మీదికి వచ్చేసింది. కిక్‌ఫ్లిప్ (బోర్డును గాల్లో పొడవు చుట్టూ ఒకసారి తిప్పే ట్రిక్) వెయ్యాలంటే ముందు కాలి చీలమండను పక్కకు వంచి, బోర్డు అంచును కాలి కొసతో విదిలించాలి. ఎత్తు కాలరు చీలమండను బిగించి పెడితే అది కుదరదు. కుర్రాళ్ళు కత్తెర తీసుకుని పైభాగం కోసేశారు. లోపలి స్పాంజి ఊడిరాకుండా అంచు చుట్టూ డక్ట్ టేప్ అంటించారు. కబలేరో అది చూసి తనూ కోసుకున్నాడు, ఇలాగే కుట్టి అమ్మండని కంపెనీకి చెప్పాడు. 1992లో హాఫ్ క్యాబ్ వచ్చింది.

ఈ కథ ఇంత చెప్పడానికి కారణం, షూ ఎందుకు ఇలా ఉందో అందులోనే ఉంది. కాలరు చీలమండ ఎముకకు కొద్దిగా పైన ఆగుతుంది. బోర్డు ఎగిరొచ్చి ఎముకకు తగిలినప్పుడు ఆ మెత్త కాస్తుంది, కాలు వంచడానికి మాత్రం అడ్డు రాదు. అడుగున పల్చటి వల్కనైజ్డ్ సోల్, అంటే పైభాగానికి రబ్బరు పట్టీ చుట్టూ అంటించి, మొత్తం షూని వేడిలో ఉడికించి గట్టిపరిచే పద్ధతి. బోర్డు వంపు, దాని మీద అంటించే గ్రిప్ టేప్ గరుకు అరికాలికి తెలుస్తాయి. ఎత్తు నుంచి దూకినప్పుడు ఆ దెబ్బ కూడా అరికాలికే తెలుస్తుంది. వల్కనైజ్డ్ సోల్ కావాలంటే ఈ రెండోదాన్ని ఒప్పుకోవాల్సిందే.

కొనేముందు ఒక సంగతి తప్పకుండా చూసుకోవాలి. వ్యాన్స్ ఒకే ఆకారాన్ని రెండు లైన్లలో అమ్ముతుంది: వేసుకుని తిరగడానికి మామూలు లైను, ఆడడానికి స్కేట్ లైను. దూరం నుంచి తేడా తెలియదు. 2021లో పాత 'ప్రో' లైను తీసేసి దాని స్థానంలో 'స్కేట్' లైను తెచ్చారు. పెట్టె మీద, ధర చీటీ మీద 'స్కేట్' అన్న మాట ఉందో లేదో చదవండి. తర్వాత లోపల పాదం కింద ఉండే మెత్త (ఇన్‌సోల్) మీద బొటనవేలితో నొక్కండి. స్కేట్ లైనులో పాప్‌కుష్ అనే మందమైన ఫోమ్ ఉంటుంది, నొక్కి వదిలితే వెంటనే పైకి లేస్తుంది. లేసుల కింది నాలుకకు రెండు పక్కలా లోపల సాగే పట్టీలు ఉంటాయి. అవి నాలుక పక్కకు జారకుండా ఆపుతాయి, కాలును బిగువుగా పట్టుకుంటాయి. హైదరాబాద్ మాల్‌లో కొన్నా, డాలస్ మాల్‌లో కొన్నా ఈ పరీక్ష చెయ్యండి. అమెరికాలో మన తెలుగువాళ్ళ ఇళ్ళలో పిల్లలు ఊరి స్కేట్‌పార్కుకు వెళ్తామని అడిగితే, అమ్మానాన్నలు సేల్‌లో కనిపించిన మామూలు లైను జత తెచ్చి ఇవ్వడం మామూలే. అది నెల తిరగకుండా చిరిగితే తప్పు పిల్లవాడిది కాదు.

ఎక్కడ, ఎందుకు చిరుగుతుందో తెలుసుకుంటే ఈ తేడా విలువ అర్థమవుతుంది. గ్రిప్ టేప్ అంటే ఉప్పుకాగితమే, ఇంకేమీ కాదు. ఆలీ (బోర్డుతో సహా గాల్లోకి ఎగరడం) వేసిన ప్రతిసారీ ముందు కాలి చిటికెన వేలి పక్క భాగం ఆ ఉప్పుకాగితం మీద పైకి ఈడ్చుకుంటూ పోతుంది. మొదట స్వెడ్ (నూగు తోలు) మీద నూగు పోయి నున్నగా మెరుస్తుంది. తర్వాత కుట్టుదారం తెగుతుంది. దారం తెగిన చోట రెండు స్వెడ్ ముక్కల మధ్య నోరు తెరుచుకుంటుంది. చివరికి రూపాయి బిళ్ళంత చిల్లు పడి మేజోడు బయటికి కనిపిస్తుంది. స్కేట్ లైనులో ఈ చోట స్వెడ్ కింద డ్యూరాక్యాప్ అనే రబ్బరు పొర ఉంటుంది. స్వెడ్ అరిగిపోయాక చిల్లులోంచి మేజోడు కాకుండా ఆ రబ్బరు కనిపిస్తుంది. అక్కడి నుంచి ఇంకొన్ని వారాలు ఆడొచ్చు. ఆ పొర దగ్గర ముందుభాగం గట్టిగా ఉండి మొదటి నాలుగైదు రోజులు వేళ్ళ పక్కన ఒరుసుకుంటుంది, తర్వాత సర్దుకుంటుంది.

సోల్ రబ్బరు సిక్‌స్టిక్ అనే మిశ్రమం. అచ్చు పాత వాఫిల్ (గళ్ళ) అచ్చే. పట్టు బాగా ఉంటుంది, మొదటి రోజు మరీ ఎక్కువ. కాలు పెట్టిన చోటు నుంచి కదలదు, ఆలీలో పాదం జరపడం కష్టమనిపిస్తుంది. రెండు రోజులు నడిచి అడుగును కాస్త అరగనిచ్చాక బోర్డెక్కితే సరిపోతుంది. వెనక కాలి షూ అరిగే తీరు వేరు. పాప్ కొట్టే (బోర్డు తోకను నేలకు కొట్టే) చోట, అంటే వేళ్ళ మొదలు కింద, వాఫిల్ గళ్ళు ముందుగా చదునవుతాయి. కాలుతో నేల మీద రాపి ఆపే అలవాటుంటే వారాల్లోనే నున్నటి పలక మిగులుతుంది. అలా ఆపడం మానుకోవడమే దానికి మందు.

సైజు విషయంలో స్వెడ్ వెడల్పుకు సాగుతుంది కానీ పొడవుకు సాగదు. బొటనవేలి ముందు అర సెంటీమీటరు ఖాళీ చాలు. పాదం వెడల్పుగా ఉన్నవారు అర సైజు పెంచొచ్చు, అంతకు మించితే పాదం లోపల జారి ఫ్లిప్ అందదు.

ఆయుష్షు పెంచే పనులు మొదటి రోజు నుంచే మొదలుపెట్టాలి. షూ గూ లాంటి రబ్బరు జిగురును చిల్లు పడ్డాక పూయడం అందరూ చేసే పొరపాటు. స్వెడ్ నున్నబడి మెరుస్తున్న దశలోనే పూయాలి. ఆ చోటును పాత టూత్‌బ్రష్‌తో రుద్ది దుమ్ము దులపండి, స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. చుట్టూ టేప్ అంటించి రెండు మిల్లీమీటర్ల మందం పూయండి. మంచు ముక్కతో రాస్తే చేతికి అంటకుండా చదునవుతుంది. ఇరవైనాలుగు గంటలు ముట్టుకోకండి. తొందరపడి ఆడితే పైన ఆరి లోపల పచ్చిగా ఉన్న జిగురు పొరంతా చర్మంలా ఒక్క లాగుకు ఊడివస్తుంది. వాసన ఘాటు, కిటికీ తెరిచి చెయ్యాలి.

లేసులు తెగేది ముందు కాలికే, కింది నుంచి రెండో మూడో రంధ్రాల దగ్గర. ఆ చోట లేసు బయట కనపడకుండా లోపలి వైపు నుంచి తిప్పి కడితే గ్రిప్ టేప్‌కు అందదు. రబ్బరు పట్టీ విడిపోయేది పాదం వంగే చోట. ఆ సందులో చెప్పులు కుట్టేవాళ్ళు వాడే సొల్యూషన్ రెండు వైపులా పల్చగా పూసి, పది నిమిషాలు ఆరనిచ్చి, అప్పుడు అతికించి, రాత్రంతా రబ్బరు బ్యాండ్లతో బిగించి ఉంచాలి. తడిగా ఉండగానే అతికిస్తే మర్నాటికే విడిపోతుంది. మన వేసవిలో ఇంకో జాగ్రత్త: ఎండలో నిలిపిన కారు డిక్కీలో షూ వదిలేస్తే ఈ పట్టీ జిగురు మెత్తబడుతుంది.

ఇంత చేసినా, రోజూ రెండు గంటలు ఫ్లిప్ ట్రిక్కులు వేసేవారికి రెండు నెలలు వస్తే సంతోషించాలి. అమెరికాలో వంద డాలర్లకు కాస్త లోపు పెట్టి కొన్న జతకు ఇది తక్కువ ఆయుష్షు. అందుకే ఎక్కడ కొంటున్నాం, ఆ డబ్బు ఎవరికి పోతోంది అన్నది చూడాల్సి వస్తుంది.

వ్యాన్స్‌ను 1966లో పాల్ వాన్ డోరెన్, ఆయన భాగస్వాములు కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో మొదలుపెట్టారు. అక్కడే తయారుచేసి, అక్కడే అమ్మేవారు. అన్ని ఆటలకూ షూలు చేస్తామని బయల్దేరి 1984లో దివాలా రక్షణ కోరాల్సి వచ్చింది. తర్వాత కోలుకుని, 2004లో బట్టల, షూల బ్రాండ్లు నడిపే వీఎఫ్ కార్పొరేషన్ చేతికి వెళ్ళింది. అదే వీఎఫ్ 2020లో సుప్రీమ్‌ను 210 కోట్ల డాలర్లకు కొని, 2024లో 150 కోట్లకు కళ్ళజోళ్ళ కంపెనీ ఎస్సిలోర్‌లక్సోటికాకు అమ్మేసింది. 1994లో న్యూయార్క్ లాఫయెట్ వీధిలో స్కేటర్ల కోసం తెరిచిన దుకాణం పేరు అది. ఆ పేరు ఇప్పుడు చేతులు మారే ఆస్తి. వ్యాన్స్ వార్షిక అమ్మకాలు 2022లో 400 కోట్ల డాలర్లు దాటి, రెండేళ్ళలో 300 కోట్ల లోపుకు పడిపోయాయి. కొనేవాళ్ళలో బోర్డు ఎక్కనివాళ్ళే ఎక్కువ. ఫ్యాషన్ మారితే వాళ్ళు వెళ్ళిపోతారు, స్కేటర్లు మాత్రం చిరిగిన షూ స్థానంలో ఇంకో జత కోసం మళ్ళీ వస్తారు.

నైకీ సంగతి చూస్తే ఈ మార్పు ఇంకా బాగా తెలుస్తుంది. 1990లలో స్కేటర్లు దాన్ని దగ్గరికి రానివ్వలేదు. 2002లో నైకీ వారి స్కేట్‌బోర్డింగ్ విభాగం నైకీ ఎస్‌బీ మొదలైనప్పుడు డంక్ అనే షూను స్కేట్ దుకాణాలకే ఇచ్చారు. అలా నమ్మకం సంపాదించారు. 2005 ఫిబ్రవరిలో పావురం బొమ్మ డంక్ కోసం న్యూయార్క్‌లో ఒక దుకాణం ముందు జనం ఎగబడి పోలీసులు రావాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి చిన్న స్కేట్ దుకాణం ముందు వరుసలో ఆడేవాళ్ళతో పాటు తిరిగి అమ్ముకునేవాళ్ళూ నిలబడడం మామూలైంది. షూగా డంక్ మంచిదే. కప్పులా అంచులు లేచిన మందపాటి కప్‌సోల్, మడమ కింద గాలి మెత్త, మెట్లు దూకేవారికి హాఫ్ క్యాబ్ కంటే అదే మేలు. కానీ కావలసిన రోజున కావలసిన సైజు దొరకని షూతో రోజూ ఆడలేం. రెండు నెలలకో జత కావాల్సిన ఆట ఇది.

స్కేట్ దుకాణాలకు బోర్డు మీద మిగిలేది చాలా తక్కువ. అద్దె కట్టేది షూల మీద వచ్చే లాభం. షూ అమ్మకం మాల్‌కు, కంపెనీ యాప్‌కు తరలిపోతే ఆ దుకాణం మూతపడుతుంది. అది మూతపడితే కొత్త పిల్లవాడికి ట్రక్కు (బోర్డు కింద చక్రాలు పట్టుకునే ఇరుసు) నట్టు ఎంత బిగించాలో చూపించేవాడు, పార్కు కోసం మునిసిపాలిటీ సమావేశంలో నిలబడి మాట్లాడేవాడు కూడా ఉండరు. అందుకే హాఫ్ క్యాబ్ కొంటే స్కేటర్లు నడిపే దుకాణంలోనే కొనమని గట్టిగా చెబుతున్నాం, ఐదు డాలర్లు ఎక్కువైనా సరే.

స్కేటర్లే పెట్టిన కంపెనీల షూలు కావాలంటే, 1999లో మైక్ క్యారల్, రిక్ హవర్డ్ మొదలుపెట్టిన లకాయ్ ఉంది. పాంటస్ ఆల్వ్ స్వీడన్ నుంచి తెచ్చిన లాస్ట్ రిసార్ట్ ఏబీ షూలు కూడా వల్కనైజ్డ్ సోల్‌తోనే వస్తాయి. చీలమండ కాపు అక్కర్లేనివారు వాటిని కూడా తొడిగి చూడండి.

హాఫ్ క్యాబ్‌లో మాకు నచ్చని ఒకే విషయం గాలి. మందపు స్వెడ్, దాని కింద రబ్బరు పొర, చుట్టూ స్పాంజి కాలరు కలిసి మే నెలలో విజయవాడలోనో వరంగల్‌లోనో అరగంటలో మేజోళ్ళు తడిపేస్తాయి. ఆడిన వెంటనే ఇన్‌సోల్ బయటికి తీసి, లోపల పాత పేపరు ఉండలు కుక్కి, నీడలో ఆరబెట్టండి. తడి ఇన్‌సోల్‌తోనే మర్నాడు ఆడితే మడమ దగ్గర ఫోమ్ నలిగి చదునవుతుంది. అది చదునయ్యాక దూకే ప్రతి దెబ్బా నేరుగా మడమ ఎముకకే తగులుతుంది.