చామంతికి ఎర్ర ఎల్ఈడీ బల్బులు: కొన్ని సీజన్ల వాడకం తర్వాత

కడియపులంకలోని మా నర్సరీలో కుండీ చామంతులకు, పక్కనున్న పూల మడులకు కొన్ని సీజన్లుగా 660 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఎర్ర ఎల్ఈడీ బల్బులు వాడుతున్నాము. కార్తికంలో విరగబూసి ధర పడిపోయే పువ్వును సంక్రాంతికి మళ్లించడమే మా అవసరం. ఆ పనికి ఇవి పాత ఫిలమెంటు బల్బుల కంటే నిస్సందేహంగా మేలు.

చామంతి రాత్రి నిడివి పెరిగితేనే మొగ్గ తొడిగే మొక్క. రాత్రి 10 నుంచి 2 వరకు దీపం వెలిగితే ఆ పొడవైన రాత్రి రెండు ముక్కలై, ఆకులో వెలుగును పసిగట్టే ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఎరుపు కాంతికి చురుకైన రూపంలోకి మారి పూతను ఆపుతుంది. 730 నానోమీటర్ల దూరపు ఎరుపు (కంటికి దాదాపు కనిపించని ఎరుపు) దానిని వెనక్కి మళ్లిస్తుంది. ఫిలమెంటు బల్బులో ఈ దూరపు ఎరుపు ఎక్కువ కాబట్టి పూత ఆగినా కాడ మాత్రం సాగిపోయేది. ఇప్పుడు కణుపులు దగ్గరపడి మొక్క గుబురుగా వస్తోంది. 60 వాట్ల చోట 9 వాట్లు సరిపోవడం అదనపు లాభం.

660 ఎరుపు మన కంటికి మసకగా కనిపిస్తుంది. కూలీలు "వెలుగు చాలదండీ" అంటారు, మన కంటి చూపు లెక్కన వెలుగును కొలిచే లక్స్ మీటరు కూడా తక్కువే చూపుతుంది, మొక్కకు కావలసింది వేరు కాబట్టి రెండింటినీ నమ్మనక్కరలేదు. అసలు చిక్కు టైమరుతో వస్తుంది. బ్యాటరీ లేని రకం కరెంటు పోయినప్పుడల్లా వెనకబడి, దీపాలను తెల్లవారుజామున వెలిగిస్తుంది. తుఫాను వానలకు హోల్డర్లలో నీరు దిగడం మరో బాధ. వెలుగు పొరుగు మడిలోకి జారితే అక్కడి పూత ఆలస్యమై మాట పడవలసి వస్తుంది కనుక గట్టు వైపు పరదా కట్టాము.

నవంబరు మొదటి వారంలో దీపాలు ఆపితే సుమారు మూడు వారాలకు మొగ్గ కనిపిస్తుంది, రకాన్ని బట్టి ఎనిమిది నుంచి పది వారాలకు పువ్వు విచ్చుతుంది. పండుగకు కావాలంటే త్వరగా పూసే రకాలనే ఎంచుకోవాలి.

కాడను పెంచే జిబ్బరెల్లిన్ హార్మోన్లలో ఒకటైన జిబ్బరెల్లిక్ ఆమ్లం దీపానికి బదులు కాదు. మా మడుల్లో అది కాడను సాగదీసిందే తప్ప పూత తేదీని మేము కోరినట్లు జరపలేదు. కుండీలను పొట్టిగా ఉంచడానికి జిబ్బరెల్లిన్ తయారీని అడ్డుకునే పాక్లోబ్యూట్రజాల్ అనే మందు బాగా పనిచేస్తుంది, కానీ మట్టిలో చాలాకాలం నిలిచి, అదే మట్టిలో తర్వాత పెట్టిన నారును కూడా గిడసబారుస్తుంది. అందుచేత మొక్కను పొట్టిగా ఉంచే మరో మందు, ఆకుల మీద చల్లే డామినోజైడ్‌కే మారాము.