అమోరోల్ఫిన్ నెయిల్ లాకర్: కొనేముందు గోరు పరీక్ష చేయించండి

పిప్పిగోళ్లకు, అంటే ఫంగస్ పట్టిన గోళ్లకు, అమోరోల్ఫిన్ 5 శాతం లాకర్ (గోళ్లరంగులా పూసే మందు) మంచి మందే. గాల్డెర్మా కంపెనీ లోసెరిల్ పేరుతో ఎక్కువమందికి తెలుసు. ఇప్పుడు వేరే కంపెనీల సీసాలూ దొరుకుతున్నాయి. "నెలల తరబడి రాశాం, గోరు అలాగే ఉంది" అనే ఫిర్యాదు దీని మీద తరచూ వినిపిస్తుంది. తప్పు చాలాసార్లు మందుది కాదు. ఆ గోటికి అసలు ఫంగసే ఉండదు, లేదా ఫంగస్ అప్పటికే గోరు మొదట్లోకి దిగిపోయి ఉంటుంది.

ఇది పనిచేసే గోరు ఎలా ఉంటుందంటే, పసుపో తెలుపో చివర మొదలై వెనక్కి పాకుతూ ఉంటుంది, ఇంకా సగం దాటి ఉండదు. చర్మం కింద గోరు పుట్టే చోటు బాగుంటుంది. పాడైనవి ఒకటో రెండో గోళ్లే. అంతకు మించితే పైపూత ఒక్కటే చాలదు. ఫంగస్‌ను చంపే టెర్బినాఫిన్ 250 మి.గ్రా. మాత్ర రోజుకొకటి చొప్పున చేతిగోళ్లకు 6 వారాలు, కాలిగోళ్లకు 12 వారాలు వేసుకోవాల్సి రావచ్చు. లివర్ పరీక్ష చూసి డాక్టర్ రాయాల్సిన మందు అది, సొంతంగా కొనేది కాదు.

లాకర్ వారానికి ఒకటి రెండుసార్లు రాస్తే చాలు. ముందు పాత పొరను స్పిరిట్ స్వాబ్‌తో తుడిచెయ్యాలి. తర్వాత పాడైన మేర గోరు పైభాగాన్ని ఫైల్‌తో అరగదీసి, పొడి పోయేలా మళ్లీ స్వాబ్‌తో తుడవాలి. చాలామంది ఎగ్గొట్టేది ఈ అరగదీయడమే. మందంగా ఉన్న గోటిలోంచి మందు కిందికి దిగదు. స్పాచులాను (పూత పుల్లను) సీసాలో ముంచి, అంచుకు తుడవకుండా తీసి, పాడైన గోరంతా పూసి 3 నుంచి 5 నిమిషాలు ఆరనివ్వాలి. సీసా మూతి మీద మందు కారితే అక్కడే గట్టిపడి మూత బిగుసుకుపోతుంది. జబ్బు గోటికి వాడిన ఫైల్‌ను మంచి గోటికి తగలనివ్వకూడదు. థిన్నర్ లాంటి ద్రావకాలతో పనిచేసేవాళ్లు గ్లవ్స్ వేసుకోవాలి, లేకపోతే పొర కరిగిపోతుంది. కొన్ని ప్యాకుల్లో ఫైళ్లు, స్వాబ్‌లు, స్పాచులాలు కలిపి ఇస్తారు, కొన్నిట్లో సీసా ఒక్కటే ఉంటుంది. ధరలు పోల్చేటప్పుడు అదీ చూసుకోండి.

చేతిగోరు నెలకు సుమారు 3 మి.మీ. పెరుగుతుంది, కాలిగోరు 1 మి.మీ. కంటే కాస్త ఎక్కువ. పాడైన ముక్క తిరిగి బాగుపడదు, కొత్త గోరు దాన్ని ముందుకు తోసెయ్యాలి. అందుకే చేతికి 6 నెలలు, కాలికి 9 నుంచి 12 నెలలు రాయమంటారు. నెలకోసారి ఒకే వెలుతురులో ఫోటో తీసి, గోరు మొదట్లో తేటగా కొత్త పట్టీ వస్తోందో లేదో చూడండి. 3 నెలలైనా రాకపోతే సీసా పక్కనపెట్టి డాక్టర్‌కి చూపించండి.

అసలు చిక్కంతా పొలుసులు రాలే చర్మవ్యాధి సోరియాసిస్‌తో. ఆ గోరు కూడా పసుపెక్కుతుంది, మందమవుతుంది, కింద పొట్టు పేరుకుంటుంది, పైకి లేస్తుంది. తేడా తెలియాలంటే చేతిగోళ్లను పగటి వెలుతురులో ఏటవాలుగా పట్టి చూడాలి. సోరియాసిస్ అయితే సూదిమొనలంత గుంటలు ఎగుడుదిగుడుగా కనబడతాయి. గోరు కింద డాక్టర్లు ఆయిల్ డ్రాప్ అనే నారింజ రంగు మచ్చ ఉండొచ్చు, లేచిన భాగం చుట్టూ ఎర్రటి అంచు ఉండొచ్చు. తల, చెవుల వెనక, మోచేతులు, బొడ్డు కూడా చూడాలి. పొలుసుల మచ్చ దొరికితే అనుమానం బలపడుతుంది. ఫంగస్ అయితే ఎక్కువగా కాలి బొటనవేలితో మొదలవుతుంది, వేళ్ల సందుల్లో ఒరుపు కూడా కనిపిస్తుంటుంది.

సోరియాసిస్ గోటిని ఫైల్‌తో రాపాడటం, కింద పొట్టు గోకడం చేస్తే జబ్బు ఇంకా రేగుతుంది. దెబ్బ తగిలిన చోటే సోరియాసిస్ పుట్టడాన్ని కోబ్నర్ లక్షణం అంటారు. టెర్బినాఫిన్ వేసుకున్న కొందరిలో సోరియాసిస్ ఎక్కువైన సందర్భాలూ వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అయితే రెండు జబ్బులూ ఒకే గోటిలో ఉండొచ్చు, కాబట్టి కంటిచూపుతో తేల్చెయ్యకూడదు.

పరీక్షకు గోరు చివరి ముక్క ఒక్కటే ఇస్తే లాభం లేదు. ఫంగస్ బతికుండేది లేచిన భాగం లోపలి అంచు దగ్గర, అక్కడి పొడి తీయించుకోవాలి. దాన్ని కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) ద్రావణంలో నానబెట్టి మైక్రోస్కోప్ కింద చూస్తారు. ఫంగస్‌ను పెంచి చూసే కల్చర్‌కు 3, 4 వారాలు పడుతుంది. కేఓహెచ్‌లో ఏమీ కనబడకపోయినా అనుమానం తీరకపోతే గోరు ముక్కను ఫంగస్‌కు రంగు పట్టించి చూసే పీఏఎస్ స్టెయిన్‌కి పంపొచ్చు. లాకర్ రాస్తూ పరీక్షకు వెళితే ఫంగస్ ఉన్నా లేనట్టే రావచ్చు, అందుకే సీసా కొనక ముందే ఈ పని అయిపోవాలి.

ఫంగస్ లేదు, సోరియాసిస్ ఒక్కటే అని తేలితే ఈ లాకర్ డబ్బు దండగ. అప్పుడు గోరు మొదట్లోని చర్మం మీద స్టెరాయిడ్, కాల్సిపోట్రియాల్ పూత, కొందరికి గోరు పుట్టే చోట ట్రయామ్సినొలోన్ ఇంజెక్షన్, ఎక్కువ గోళ్లు పోతే మెథోట్రెక్సేట్ లాంటివి ఇస్తారు. వేళ్ల చివరి కీళ్లు ఉదయం బిగుసుకుపోయి వాస్తుంటే డాక్టర్‌కి చెప్పి తీరాలి. గోటి సోరియాసిస్ ఉన్నవాళ్లలో కీళ్లవాతం వచ్చే ప్రమాదం ఎక్కువ.

షుగర్ ఉన్నవాళ్లు, కాళ్లకు రక్తప్రసరణ తక్కువగా ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా ఇది మొదలుపెట్టొద్దు. ఒకే గోటిలో నిలువుగా కొత్త నల్లచార వచ్చి వెడల్పవుతుంటే, నలుపు పక్క చర్మానికీ పాకుతుంటే దాని మీద ఏ లాకరూ పూయకండి. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కావచ్చు, ఆ వారంలోనే చర్మవ్యాధుల డాక్టర్‌కి చూపించాలి.