షెట్లాండ్: ఊలు కొనడానికి కాదు, చూడడానికి

షెట్లాండ్ ఊలు పోస్టులో వస్తుంది. రంగుల కార్డు తెప్పించుకుని నంబర్లు రాసి పంపితే చాలు, హైదరాబాదుకైనా లండన్ శివార్లకైనా పార్సిల్ వచ్చేస్తుంది. స్కాట్లాండ్‌కు ఉత్తరాన, 60వ అక్షాంశం మీదున్న ఆ దీవుల దాకా పోయి దుకాణాల్లోనే రోజులన్నీ గడిపేస్తే మాత్రం దారి ఖర్చులు దండగ. పోస్టులో రానివి మూడున్నాయి. చేత్తో తడిమి ఉన్నిని వేరుచేసే గోదాము, ఉన్స్ట్ దీవిలోని లేసు శాలువలు, నడుముకు కట్టుకుని అల్లే తోలు పట్టీ. ప్రయాణం వీటి చుట్టూ వేసుకోవాలి. దుకాణాలకు ఒక పూట చాలు.

ముందు సంచిలో ఏం పెట్టుకోవాలో చూద్దాం. బ్రిటన్ విమానాశ్రయాల్లో అల్లిక సూదులను చేతిసంచిలో తీసుకెళ్లనిస్తారు. కత్తెర అలుగు 6 సెం.మీ. మించకపోతే అదీ సరే. మన దగ్గర బయల్దేరేటప్పుడు తనిఖీ సిబ్బంది మాటే ఆఖరి మాట కాబట్టి, పొడవాటి ఉక్కు సూదులు, కత్తెర పెద్ద పెట్టెలో వేసేయడం మేలు. చేతిసంచిలో వెదురుదో ప్లాస్టిక్‌దో ఒక గుండ్రటి సూది (రెండు పొట్టి సూదులను వంగే కేబులు కలిపి ఉంచేది), దారం తెంచడానికి గోళ్లు కత్తిరించే క్లిప్పరు ఉంటే సరిపోతుంది. సూది తీసేసుకుంటారేమోనని భయముంటే, ఇంట్లోనే ఒక వరుస కుట్లన్నిట్లోంచీ వేరే రంగు నూలుదారం దూర్చి ఉంచండి. సూది పోయినా కుట్లు జారవు. లోపల బ్లేడు ఉండే లాకెట్ కట్టర్లు మాత్రం వద్దు. బ్లేడు బయటికి కనబడదు, స్కానర్‌లో కనబడుతుంది, గొడవ మొదలవుతుంది.

సూదుల నంబర్లతోనూ జాగ్రత్త. మన బజారులో దొరికేవి పాత బ్రిటిష్ లెక్క ప్రకారం ఉంటాయి, నంబరు పెరిగే కొద్దీ సూది సన్నం. 8 అంటే 4 మి.మీ., 10 అంటే 3.25, 12 అంటే 2.75. అమెరికన్ లెక్కలో 8 అంటే 5 మి.మీ. డిజైన్ కాగితం ఏ దేశానిదో చూడకుండా సూది పట్టుకుంటే స్వెటర్ కాస్తా గోనెసంచి అవుతుంది. మిల్లీమీటర్లలో రాసుకున్నవాళ్లకు ఈ బాధ లేదు.

దారిలో చేసే పనికి దానానికిచ్చే అల్లికను మించింది లేదు. దానికి బొమ్మ కాగితం చూడక్కర్లేదు, కొలత కచ్చితంగా ఒకరి తలకే సరిపోవాలన్న బెంగ లేదు. దక్షిణాఫ్రికా అనాథ పిల్లల దుప్పట్ల కోసం నిట్-ఎ-స్క్వేర్ అనే సంస్థ 20 సెం.మీ. చదరపు ముక్కలు అడుగుతుంది. 4 మి.మీ. సూది మీద డీకే అనే మధ్యరకం మందం ఊలుతో 44 కుట్లు ఎక్కించి, అన్ని వరుసలూ నిట్ (సీదా కుట్టు) అల్లుకుపోవడమే. ఓడ ప్రయాణం కనక ఇంకా తగినది ఓడ పనివాళ్ల టోపీ. న్యూయార్క్‌లోని సీమెన్స్ చర్చ్ ఇన్‌స్టిట్యూట్ 1898 నుంచి ఇలాంటి అల్లికలు సేకరించి క్రిస్మస్‌కు నావికులకు పంచుతోంది. ఇదే పని చేసే సంఘాలు బ్రిటన్‌లోనూ ఉన్నాయి.

ఆ టోపీ లెక్క ఇది: 4 మి.మీ. గుండ్రటి సూది, 80 సెం.మీ. కేబులు, డీకే ఊలు సుమారు 80 గ్రాములు, 112 కుట్లు. కేబులును మధ్యలో లాగి మ్యాజిక్ లూప్ పద్ధతిలో అల్లితే నడినెత్తి దగ్గర వేరే సూదులు అక్కర్లేదు, సీటు కింద పడి దొర్లేవీ ఉండవు. రెండు నిట్, రెండు పర్ల్ (ఉల్టా కుట్టు) చొప్పున, రిబ్ అంటారు దీన్ని, 25 సెం.మీ. అల్లాలి. తర్వాత కుట్లను 14 చొప్పున ఎనిమిది భాగాలు చేసి, ప్రతి భాగం చివర రెండు కుట్లు కలిపి ఒకటి చేస్తూ ఒక వరుస, మామూలుగా ఒక వరుస. 64 కుట్లకు దిగాక మామూలు వరుసలు ఆపేసి ప్రతి వరుసలోనూ తగ్గించాలి. 16 మిగిలినప్పుడు దారం దూర్చి బిగించేయాలి. తరచూ జరిగే తప్పు మొదటి వరుసలోనే ఉంటుంది. 112 కుట్లు ఎక్కించాక వరుస మెలిపడిందేమో చూసుకోకుండా గుండ్రంగా కలిపేస్తారు. మెలిక ఐదో వరుసలోగానీ బయటపడదు, అప్పటికి విప్పడం తప్ప దారి లేదు.

స్కాట్లాండ్‌లోని అబర్డీన్ నుంచి షెట్లాండ్ ముఖ్యపట్టణం లెర్విక్‌కు నార్త్‌లింక్ రాత్రి ఓడ ఉంది. నేరుగా పోయేది సాయంత్రం 7 గంటలకు, ఆర్క్నీ దీవుల మీదుగా పోయేది 5 గంటలకు బయల్దేరుతుంది. రెండూ తెల్లారి ఏడున్నరకు చేరతాయి. అబర్డీన్ రైల్వే స్టేషన్ నుంచి రేవుకు నడిచి పోవచ్చు. టిక్కెట్లు మూడు రకాలు: మామూలు కుర్చీ, వెనక్కి వాలే పాడ్, పడకలున్న కాబిన్. డబ్బు ఇంకెక్కడైనా మిగుల్చుకోండి, ఇక్కడ మాత్రం కాబిన్ తీసుకోండి. ఉత్తర సముద్రం ఊపుడికి కడుపు తిప్పినప్పుడు నడుం వాల్చడం ఒక్కటే మందు. ఓడ ఊగుతుంటే గళ్ల కాగితం చూస్తూ రంగుల అల్లిక చేయబోతే పది నిమిషాల్లో వాంతి ఖాయం. రిబ్ టోపీ అయితే కిటికీలోంచి దూరాన దిగంతం చూస్తూ చేత్తోనే అల్లుకుపోవచ్చు.

విమానంలో అబర్డీన్ నుంచి సుమారు గంట. దిగేది సంబర్గ్‌లో, అక్కణ్ణించి లెర్విక్ 40 కిలోమీటర్లు, బస్సు ఉంది. రోడ్డు రన్‌వేను అడ్డంగా దాటుతుంది, విమానం వస్తే రైలు గేటులాగే గేటు వేస్తారు. వేసవిలో పొగమంచు పట్టిందంటే విమానాలు రద్దవుతాయి. తిరుగు ప్రయాణం విమానంలో పెట్టుకునేవాళ్లు అంతర్జాతీయ టిక్కెట్టుకు ముందు ఒక రోజు ఖాళీ ఉంచుకోవాలి.

బస సంగతి. అల్లికవాళ్ల జాతర షెట్లాండ్ ఊల్ వీక్ 2010లో మొదలైంది, సెప్టెంబరు చివర్లో జరుగుతుంది. తరగతులు నేర్చుకోవాలంటే అదే సమయం. కానీ ఆ వారానికి గదులు, కాబిన్లు, అద్దె కార్లు నెలల ముందే అయిపోతాయి. తొలిసారి వెళ్లేవారికి సెప్టెంబరు మొదటివారం మంచిది. ఆ ఏటి ఉన్ని గోదాముకు చేరుతుంటుంది, ఉన్స్ట్‌లో శాలువలు చూపే హెరిటేజ్ సెంటర్ ఇంకా తెరిచే ఉంటుంది, గదులు దొరుకుతాయి. పఫిన్ పక్షులు మాత్రం ఆగస్టులోనే వెళ్లిపోతాయి, అవి కావాలంటే జూన్‌లో వెళ్లాలి.

లెర్విక్‌లో గెస్ట్‌హౌస్ కన్నా వంటగది ఉన్న అద్దె ఇల్లు మనకు అనువు. శాకాహారులకు మరీనూ. అక్కడి బంగాళాదుంప సూపు చాలాచోట్ల ఉప్పు పెట్టి ఎండబెట్టిన మాంసంతో, రీస్టిట్ మటన్ అంటారు దాన్ని, కాచినదై ఉంటుంది. అడిగి తాగాలి. ఊళ్లో రెండు సూపర్‌మార్కెట్లు ఉన్నాయి, బియ్యం పప్పులకు లోటు లేదు. పొడులు, పచ్చళ్లు మూట కట్టుకుపోవచ్చు. నెయ్యి మాత్రం వద్దు, భారతదేశం నుంచి పాల పదార్థాలను బ్రిటన్‌లోకి రానివ్వరు. ఒంటరిగా, తక్కువ ఖర్చులో తిరిగేవారికి ఐల్స్‌బర్గ్ హాస్టల్ ఊరి నడిబొడ్డున ఉంది. బోడ్ అనే పాత రాతి ఇళ్లు చౌక, కానీ పడుకునే సంచీ మనదే, కొన్నింట్లో కరెంటు కూడా ఉండదు. దీపం వెలుగులో సన్నపని చేయాలనుకునేవాళ్లకు అవి పనికిరావు. ఆదివారం దుకాణాలు చాలావరకు మూతే, బస్సులూ తక్కువే. ఆ రోజును సముద్రపు ఒడ్డుకు కేటాయించాలి. గొడుగు మోయకండి, ఆ గాలికి నిలవదు.

ఓడ దిగే రేవుకు దగ్గర్లోనే, నార్త్ రోడ్డులో, జేమీసన్ అండ్ స్మిత్ వారి దుకాణం, గోదాము ఉన్నాయి. ఊళ్లో కమర్షియల్ స్ట్రీట్‌లో ఉన్నది జేమీసన్స్ ఆఫ్ షెట్లాండ్ దుకాణం. పేర్లు కలిసినా సంస్థలు వేరు, దారాలూ వేరు. మొదటివారి 2 ప్లై జంపర్ వెయిట్ 25 గ్రాముల ఉండలో 115 మీటర్లు, రెండోవారి స్పిండ్రిఫ్ట్‌లో 105 మీటర్లు. మొదటివారి డిజైన్‌కు రెండోవారి ఊలు కొంటే పది ఉండలకు వంద మీటర్లు తక్కువ పడుతుంది. రంగుల వైవిధ్యం కావాలంటే స్పిండ్రిఫ్ట్, రెండు వందలు దాటిన ఛాయలు ఒకే గోడ మీద ఉంటాయి. రంగు వేయని సహజ ఛాయలకు, ఉన్ని ఏరే పద్ధతి చూడడానికి జేమీసన్ అండ్ స్మిత్. ఏరే మనిషి ఒక్కొక్క గొర్రె ఉన్నిని బల్ల మీద పరిచి, మెడ దగ్గరిది, వీపుది, తొడలది చేతి స్పర్శతోనే వేరు చేస్తాడు. మెడ దగ్గరి సన్ననిది లేసుకు, ముతకది తివాచీలకు పోతుంది. షెట్లాండ్ గొర్రెకు 11 ప్రధాన రంగులు. మూరిట్ అంటే ఎర్ర గోధుమ, షేలా అంటే ముదురు బూడిద, మియోగెట్ అంటే తేనె పసుపు. ఈ పేర్లు తెలిస్తే కార్డు చదవడం సులువు.

రంగులు ఎంచుకునేటప్పుడు ఉండలను పక్కపక్కన పెట్టి ఫోన్లో నలుపు తెలుపు ఫోటో తీయండి. రెండు రంగులు ఒకే బూడిద రంగులో కనిపిస్తే, ఎంత అందంగా ఉన్నా ఆ జోడీలో ఫెయిర్ ఐల్ పువ్వు, అంటే అక్కడి రంగుల అల్లిక డిజైన్, కనబడదు. ఒక వరుసలో రెండే రంగులు వాడడం ఆ అల్లిక నియమం. టోపీకి నాలుగైదు రంగులు, ఒక్కొక్క ఉండ చాలు. నిండా డిజైనున్న పెద్దల స్వెటర్‌కు 14 నుంచి 16 ఉండలు. 3.25 సూదితో 10 సెం.మీ.కు సుమారు 28 నుంచి 30 కుట్లు వస్తాయి, కానీ నమూనా ముక్కను కూడా గుండ్రంగానే అల్లి చూడాలి. వెనక్కి తిరిగి పర్ల్ అల్లితే చాలామందికి బిగువు మారిపోతుంది. ఉండలో ఈ ఊలు గరుగ్గా, తాడులా అనిపిస్తుంది. అల్లిన బట్టను గోరువెచ్చని నీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి ఆరేస్తే పోగులు విచ్చుకుని ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. స్వెటర్‌ను గొట్టంలా అల్లి, ముందు భాగాన్ని కత్తెరతో నిలువునా కోసి కార్డిగన్ చేసే స్టీక్ పద్ధతి సాధ్యమయ్యేది ఈ పట్టు వల్లనే. యాక్రిలిక్‌తోనో మెషిన్‌లో ఉతికే సూపర్‌వాష్ ఊలుతోనో ఆ సాహసం చేస్తే కుట్లు నీళ్లలా జారిపోతాయి.

ఇదే పట్టు దానపు అల్లికకు శత్రువు. నెలలు నిండని బిడ్డ టోపీకి షెట్లాండ్ ఊలు వాడకూడదు. గుచ్చుకుంటుంది, ఆసుపత్రి వేడినీళ్ల ఉతుకుడుకు బిగుసుకుపోయి నిమ్మకాయంత అవుతుంది. మన ఆసుపత్రులకు ఇవ్వాలంటే ముందుగా నర్సులనే అడగాలి, మెత్తని నూలు దారమే కావాలని చెప్పేవాళ్లు ఉంటారు. బొత్తాలు, కుచ్చులు పెట్టకూడదు. ఆదిలాబాద్, లంబసింగి వైపు వృద్ధులకు టోపీలు, మఫ్లర్లు పంపేవాళ్లకు ఉతికినా చెక్కుచెదరని యాక్రిలిక్కే సరైనది. ఖరీదైన ఊలు పెట్టి పుణ్యం ఎక్కువ వస్తుందనుకుంటే, వాడేవాళ్లు ఒక్క ఉతుకుతో పారేస్తారు.

షెట్లాండ్ మ్యూజియం హేస్ డాక్ దగ్గర ఉంది, ప్రవేశం ఉచితం, రెండు గంటలు పెట్టుకోవాలి. 1951లో గన్నిస్టర్ దగ్గర బురదనేలలో దొరికిన మనిషి బట్టల నకళ్లు తప్పక చూడాలి. సుమారు 1700 నాటివి. అతని దగ్గరి చిన్న అల్లిక సంచిలో రంగుల వరుసలున్నాయి. అసలువి ఎడిన్‌బరోలో ఉన్నాయి.

తోలు పట్టీని అక్కడ మాకిన్ బెల్ట్ అంటారు. మాకిన్ అంటే అల్లిక, సూదులను వైర్లు అంటారు. పట్టీకి గుర్రపు వెంట్రుకలు కూరిన దిండు, దాన్నిండా కన్నాలు. రెండు మొనల పొడుగాటి ఉక్కు సూదిని కుడివైపు కన్నంలో గుచ్చితే సూది బరువు చేతి మీద పడదు, వేళ్లు దారాన్ని తోయడమే పని. వెనకటి ఆడవాళ్లు వీపున బుట్టలో పీట్ (పొయ్యిలోకి వాడే బురదనేల మట్టి) పెళ్లలు మోస్తూ దారిపొడుగునా అల్లింది దీనితోనే. కొనుక్కోవచ్చు, కానీ 35 సెం.మీ. పైబడిన సూదులు కూడా కొనాలి, గుండ్రటి సూదులకిది పనికిరాదు. చేయి కుదరడానికి రెండు వారాలు పడుతుంది. మణికట్టు నొప్పి ఉన్నవారు మాత్రం వదులుకోవద్దు.

ఇక ఉన్స్ట్. దీనికి ఒక రాత్రి అక్కడ ఉండడం మంచిది, ఊయసౌండ్‌లో హాస్టల్ ఉంది. లెర్విక్ నుంచి టాఫ్ట్ దాకా కారు, యెల్ దీవికి 20 నిమిషాల పడవ, యెల్ దాటి గట్చర్ నుంచి 10 నిమిషాల ఇంకో పడవ. మొత్తం రెండున్నర గంటలు. బస్సులోనూ పోవచ్చు, కానీ అదేరోజు తిరిగి రావాలంటే చూడ్డానికి మిగిలేది కాస్తే. హారోల్డ్స్‌విక్‌లోని హెరిటేజ్ సెంటర్ వేసవి నెలల్లోనే తెరుస్తారు. ఇంట్లో వడికిన దారంతో అల్లిన శాలువలు ఉన్నాయక్కడ, ఒక్కొక్కటి సుమారు 1.8 మీటర్ల చదరం, పెళ్లి ఉంగరంలోంచి దూరిపోతుంది. దగ్గర నిలబడి చూస్తే కన్నాల మధ్య దారం ఉన్నట్టే తెలియదు.

నర్సాపురం లేసు ఎరిగినవాళ్లకు ఇక్కడ కాసేపు కాళ్లు కదలవు. అది ఒకే కొక్కెం సూదితో నూలు దారం, ఇది రెండు సూదులతో ఊలు. కథ మాత్రం దగ్గరిదే: పనిచేసింది ఇంటి ఆడవాళ్లు, ధర కట్టింది వర్తకులు. షెట్లాండ్‌లో డబ్బు బదులు టీపొడి, గుడ్డ ఇచ్చి సరిపెట్టే పద్ధతి మీద 1872లో ప్రభుత్వ విచారణే జరిగింది.

ఈ లేసులో మొదట పట్టుబడేది ఓల్డ్ షేల్ అలల డిజైన్. 18 కుట్లకు ఒక అల, నాలుగు వరుసలు. ఒకటో వరుస అంతా నిట్, రెండోది అంతా పర్ల్. మూడో వరుసలో రెండేసి కుట్లు కలిపి మూడుసార్లు, దారం ముందుకేసి ఒక నిట్ ఆరుసార్లు, మళ్లీ రెండేసి కలిపి మూడుసార్లు. నాలుగో వరుస అంతా నిట్. లెక్క తప్పితే కారణం ఎప్పుడూ మూడో వరుసే, అలకు ఆరు కన్నాలున్నాయో లేదో ఎంచుకోవాలి.

ఫెయిర్ ఐల్ దీవిని చిన్న ప్రయాణంలో ఇరికించవద్దు. చిన్న విమానమో చిన్న పడవో తప్ప దారి లేదు, వాతావరణం తిరగబడితే అక్కడే చిక్కుబడతారు. వారం పైన సమయం ఉన్నవారికే అది.

తిరుగు ఓడలో కొత్త ఊలు విప్పాలని చేతులు లాగుతాయి. కాబిన్ దీపం కింద షేలా, నలుపు ఒకేలా కనబడతాయి, తెల్లారి చూస్తే డిజైన్ సగం మాయమై ఉంటుంది. ఆ రాత్రికి ఇంకో టోపీకి 112 కుట్లు ఎక్కించుకోండి.