మైకు ముందు రెండు నిమిషాలా, బల్ల చుట్టూ రెండు గంటలా?

అమెరికాలో ఏ ఊళ్లోనైనా జాతి వివక్ష గొడవ బయటపడితే సిటీ హాలు ముందుగా చేసే పని, ప్రజలతో సభ పెడతామని చెప్పడం. హాలు దొరికిందా, తేదీ కుదిరిందా, కాఫీ ఎవరు తెస్తారు అనేవన్నీ చూసుకుంటారు. ఏ తరహా సభ అన్నది మాత్రం ఎవరూ పెద్దగా అడగరు. నన్నడిగితే ఫలితం తేలేది అక్కడే.

అందరికీ అలవాటైన తరహా మైకు సభ. పేరు రాయించుకుంటాం, పిలిచినప్పుడు లేచి వెళ్తాం, రెండు మూడు నిమిషాల్లో చెప్పాల్సింది చెప్పేస్తాం. ఎదురుగా కూర్చున్న కౌన్సిల్ సభ్యులు వింటారు గానీ, మామూలుగా జవాబివ్వరు. ఒకసారి నేను వెనక వరసలో కూర్చున్న సభలో ఒకావిడ, తన కొడుకు కారుని పోలీసులు ఆపిన సంగతి మొదలుపెట్టింది. కారు రంగు, వీధి పేరు, పిల్లాడి వయసు చెప్పేసరికి గంట మోగింది. ఆ తర్వాత ఏమైందో మాకెవరికీ తెలియలేదు. ఇంకొకరి పేరు పిలిచారు.

అలాగని ఈ తరహా సభను తీసిపారేయలేను. 2023 ఫిబ్రవరి 21న సియాటిల్ కౌన్సిల్ ముందుకు కులవివక్షను నిషేధించే ఆర్డినెన్సు (నగరం చేసుకునే చట్టం) వచ్చింది. మాట్లాడడానికి జనం బారులు తీరారు. అనుకూలంగా నిలబడ్డవాళ్లలోనూ, వద్దన్నవాళ్లలోనూ మన దేశం నుంచి వెళ్లినవాళ్లున్నారు. 6–1 ఓట్లతో అది నెగ్గింది. అమెరికాలో కులాన్ని వివక్ష నిషేధ చట్టంలో చేర్చిన మొదటి నగరం అదే. అక్కడ రెండు నిమిషాలు సరిపోయాయి, ఎందుకంటే కౌన్సిల్‌తో చెప్పాల్సింది ఒక్కటే: ఈ కాగితానికి ఓటేయండి, లేదా వేయకండి. బల్ల మీద అలాంటి కాగితమేదీ లేకుండా ‘మీ బాధ చెప్పండి’ అని మైకు పెడితే అది అరణ్యరోదనే.

రెండోది బల్ల చుట్టూ కూర్చోబెట్టే తరహా. దీనికి పేరు తెచ్చిన ఊరు ఒహాయో రాష్ట్రంలోని లైమా. (పెరూ రాజధాని లీమా, ఇది లైమా. తప్పు పలికితే అక్కడివాళ్లు వెంటనే సరిచేస్తారు.) 1992లో రాడ్నీ కింగ్ అనే నల్లజాతి మనిషిని కొట్టిన పోలీసులను జ్యూరీ వదిలేశాక లాస్ ఏంజెలెస్ తగలబడుతుంటే, లైమా మేయరు ఆఫీసు, ఊళ్లోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్, చర్చి పెద్దలు కలిసి ఒక పని చేశారు. నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ కలిపి చిన్న చిన్న జట్లుగా కూర్చోబెట్టారు. ఇలాంటి జట్టులో పదిమంది దాకా ఉంటారు. మాట నడిపించడానికి శిక్షణ తీసుకున్న మనిషి ఒకరుంటారు. ఆ జట్టే వారాల తరబడి మళ్లీ మళ్లీ కలుస్తుంది.

అమెరికాకి వచ్చి స్థిరపడ్డ మనలాంటివాళ్లకు ఇదే కుదురుతుంది. మన యాస విని ఎవరేమనుకుంటారో అని మైకు దగ్గరికి వెళ్లని పెద్దవాళ్లు బల్ల దగ్గర నోరు విప్పుతారు. మన తప్పులూ అక్కడే బయటికొస్తాయి. ‘నల్లవాళ్లుండే పేటలో ఇల్లు కొనకురా’ అని కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు సలహాలిచ్చేది మనమే కదా. ఆ మాట మైకులో ఎవరు ఒప్పుకుంటారు? మూడోవారం, పక్కన కూర్చున్న మనిషి ఇల్లు కొన్న కథ విన్నాక అయితే ఒప్పుకునే అవకాశముంది.

అయితే లైమా కథ అంతటితో అయిపోలేదు. 2008 జనవరిలో అదే ఊళ్లో, సోదాకి వెళ్లిన పోలీసుల కాల్పుల్లో 26 ఏళ్ల నల్లజాతి తల్లి ఇంట్లోనే చనిపోయింది. ఆమె చేతుల్లో ఉన్న పసివాడికీ గాయమైంది. కాల్చిన అధికారిని జ్యూరీ నిర్దోషిగా వదిలేసింది. ఇరుగుపొరుగు మనసులు మారినంత మాత్రాన పోలీసు శాఖ రూల్సు మారవు. బల్ల పద్ధతిలో నాకు కనిపించే లోపమిదే, చిన్నదేమీ కాదు.

మూడోది విచారణ కమిషన్. నార్త్ కరొలైనాలోని గ్రీన్స్‌బరోలో 1979 నవంబర్ 3న, కూ క్లక్స్ క్లాన్‌కి (నల్లవాళ్లను ద్వేషించే తెల్లవాళ్ల ముఠా) వ్యతిరేకంగా ఊరేగింపు చేస్తున్నవాళ్ల మీద క్లాన్, అమెరికన్ నాజీ మనుషులు కాల్పులు జరిపి ఐదుగురిని చంపారు. తెల్లవాళ్లే ఉన్న జ్యూరీలు రెండుసార్లు నిందితులను వదిలేశాయి. 2004లో స్థానికులే, వర్ణవివక్ష పాలన పోయాక దక్షిణాఫ్రికాలో చేసినట్టుగా, ఏడుగురితో సత్యశోధన కమిషన్ వేసుకున్నారు. బహిరంగ విచారణకు క్లాన్ నాయకుడొకడు కూడా వచ్చి మాట్లాడాడు. కానీ ఎవరినీ రమ్మని ఆజ్ఞాపించే అధికారం కమిషన్‌కి లేదు. సిటీ కౌన్సిల్ 6–3తో మద్దతు నిరాకరించింది. 2006లో వచ్చిన నివేదిక, ఆ సమయానికి పోలీసులు అక్కడ లేకపోవడాన్ని గట్టిగా ఎత్తిచూపింది. నగరం పద్ధతి ప్రకారం క్షమాపణ చెప్పింది 2020లో, అంటే ఘటన జరిగిన దాదాపు 41 ఏళ్లకు. పాత నేరం నిజానిజాలు తేల్చాలంటే ఇదే దారి. నిన్నటి గొడవకు మాత్రం ఇంత బరువైన యంత్రాంగం అక్కర్లేదు.

మా కౌన్సిల్ నన్నడిగితే బల్లకే ఓటేస్తాను, ఒక షరతు మీద. పోలీసు చీఫూ, ఊరి పాలన నడిపే సిటీ మేనేజరూ ఆహ్వానితుల్లా వచ్చి దండం పెట్టి వెళ్లకుండా, మొదటి వారం నుంచి చివరి వారం దాకా ఒక జట్టులో కూర్చోవాలి. చివరి సమావేశం అయ్యేలోపే, ఏ తేదీన ఏ తీర్మానం ఓటుకొస్తుందో కౌన్సిల్ ప్రకటించాలి. మైకు పెట్టాల్సింది ఆ రోజున.

మాట డబ్బుదాకా వెళ్లిన ఊరు లేకపోలేదు. షికాగో పక్కన ఎవన్‌స్టన్ 2019లో, గంజాయి అమ్మకాల మీద వచ్చే పన్నులోంచి (అవును, గంజాయి పన్నే) కోటి డాలర్లు, నల్లవాళ్లకు జరిగిన వివక్షకు నష్టపరిహారంగా పక్కన పెడతామంది. 1919–1969 మధ్య ఆ ఊళ్లో ఉన్న నల్లజాతివాళ్లకూ వాళ్ల సంతతికీ ఇంటికోసం 25,000 డాలర్ల చొప్పున ఇచ్చే పథకం 2021లో 8–1తో పాసైంది. వద్దన్న ఒక్క సభ్యురాలూ నల్లజాతి మహిళే. ఇది ఇళ్ల పథకమే తప్ప నష్టపరిహారం కాదని ఆమె వాదన. ఆ వాదనలో నిజముందని నాకూ అనిపిస్తుంది. కానీ అక్కడ అందరూ పోట్లాడుకున్నది ఎంత, ఎవరికి, ఎలా అన్నదాని మీద. మా హాల్లో ఆవిడకు గంట కొట్టిన రోజు అజెండాలో అంకె ఒక్కటీ లేదు.