బీటెక్ అగ్రికల్చరల్ ఇంజినీరింగ్: నాలుగేళ్లు పెట్టొచ్చా?

ఈ కోర్సులో చేరి తర్వాత నొచ్చుకునేవాళ్లు చాలావరకు పేరు చూసి పొరబడినవాళ్లే. 'అగ్రికల్చరల్' అని ఉంది కదా, మండల వ్యవసాయాధికారి ఉద్యోగం వస్తుందనుకుంటారు. ఆ పోస్టుకు అడిగేది బీఎస్సీ అగ్రికల్చర్, అది బైపీసీ వాళ్ల దారి. ఇది ఎంపీసీ చదివి, ఈఏపీసెట్‌లో ఇంజినీరింగ్ ర్యాంకుతో చేరే కోర్సు. తెగుళ్లు, ఎరువుల సంగతి ఇక్కడ పైపైనే ఉంటుంది. పంట చుట్టూ ఉండే ఇనుము, నీళ్లు, కరెంటు, గోదాముల లెక్కలే అసలు చదువు.

బాపట్లలో 1983 నుంచీ నడుస్తున్న కాలేజీ, మడకశిర కాలేజీ ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కిందికి వస్తాయి. సంగారెడ్డి జిల్లా కంది కాలేజీ ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానిది. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లోనూ ఈ బ్రాంచి ఉంది. అక్కడ సీటు తీసుకునేముందు ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) గుర్తింపు ఉందో లేదో అడగండి, రేపు ఐసీఏఆర్ పీజీ సీట్లకు పోటీపడేటప్పుడు అది లేకపోతే అడ్డు రావచ్చు. ఆ తర్వాత వర్క్‌షాప్ తలుపు తీయించి చూడండి. ట్రాక్టర్ టైర్లకు మట్టి అంటి ఉందా, రంగు వేసి నిలబెట్టారా? బ్రోషర్ కన్నా ఆ టైర్లే ఎక్కువ చెబుతాయి.

సిలబస్‌కు అయిదుకి నాలుగు ఇవ్వొచ్చు. ట్రాక్టర్లు-యంత్రాలు, నేల-నీరు, కోత తర్వాతి ప్రాసెసింగ్, సోలార్-బయోగ్యాస్, అన్నీ ఉన్నాయి. ఒక మార్కు తగ్గించింది కూడా అందుకే. థర్మోడైనమిక్స్ మెకానికల్ వాళ్లంత లోతుగా రాదు, సర్వే సివిల్ వాళ్లంత రాదు. మూడో ఏడాదికల్లా ఒక దారి పట్టుకోనివాళ్లకు ఇంటర్వ్యూలో చెప్పడానికి ఏమీ మిగలదు.

ప్రాక్టికల్స్ దగ్గరే కాలేజీకీ కాలేజీకీ తేడా బయటపడుతుంది. సీడ్ డ్రిల్ (విత్తనం వేసే యంత్రం) కాలిబ్రేషన్నే తీసుకోండి, అంటే ఎకరానికి ఎంత విత్తనం పడుతుందో ముందే సరిచూడటం. ఆరు సాళ్లు, సాలుకూ సాలుకూ 30 సెంటీమీటర్లు, అంటే పని వెడల్పు 1.8 మీటర్లు. నేల మీద దొర్లుతూ విత్తనం వదిలించే చక్రం వ్యాసం 60 సెంటీమీటర్లయితే ఒక చుట్టుకు 1.885 మీటర్లు నడుస్తుంది, దాదాపు 3.39 చదరపు మీటర్లు విత్తుతుంది. ఎకరం 4,047 చదరపు మీటర్లు కాబట్టి ఎకరంలో ఇరవయ్యో వంతుకు 60 చుట్లు. డ్రిల్‌ను జాకీ మీద లేపి, గొట్టాల కింద సంచులు కట్టి, చక్రాన్ని 60 సార్లు తిప్పి తూకం వేయాలి. శనగ ఎకరానికి 30 కిలోలు పడాలనుకుంటే మొత్తం కిలోన్నర రావాలి.

చాలా రికార్డు పుస్తకాలు ఈ కిలోన్నర దగ్గరే ఆగిపోతాయి. ఒక్కో గొట్టం కింద 250 గ్రాములు వచ్చిందా అన్నది అసలు పరీక్ష. మొత్తం సరిపోయినా ఒక సంచిలో 180, ఇంకోదానిలో 310 ఉంటే పొలంలో ఒక సాలు పలచన, ఒకటి గుబురు. విత్తనాన్ని కొలిచి వదిలే గాడుల రోలర్లు (ఫ్లూటెడ్ రోలర్లు) సమానంగా తెరుచుకోకపోయినా, గొట్టం మడతపడినా ఇలా అవుతుంది. పైగా పొలంలో చక్రం కొంత జారుతుంది. షెడ్డులో సరిపోయిన లెక్క మెత్తటి దుక్కిలో తక్కువ పడుతుంది, అందుకే 20 చుట్లు పొలంలో నడిపి దూరం కొలిచి సరిచూడాలి. ఇంత దూరం చేయించే కాలేజీ దొరికితే వదులుకోకండి.

డ్రిప్ కూడా అంతే. గంటకు 2 లీటర్ల డ్రిప్పర్ కింద గిన్నె పెడితే 3 నిమిషాల్లో 100 మిల్లీలీటర్లు రావాలి. 16 చోట్ల పట్టి, తక్కువ వచ్చిన నాలుగింటి సగటును మొత్తం సగటుతో భాగిస్తారు. మొత్తం సగటు 92, ఆ నాలుగింటిది 69 అయితే సమానత 75 శాతమే. లేటరల్ (డ్రిప్పర్లు ఉండే సన్న పైపు) చివర్లలోనే తక్కువైతే పీడనం చాలడం లేదు. అక్కడక్కడా తక్కువైతే డ్రిప్పర్లు మూసుకుపోయాయి, ఫిల్టర్ విప్పి చూడాలి. డ్రిప్ కంపెనీలో మొదటి ఆరు నెలలు చేసే పని ఇదే.

మిల్లులు, విత్తన ప్లాంట్లు, కోల్డ్ స్టోరేజీల వైపు వెళ్లేవాళ్లకు ఒక చిన్న లెక్క: 22 శాతం తేమ ఉన్న క్వింటా వడ్లను 17 శాతానికి ఆరబెడితే ఎంత మిగులుతుంది? 95 కిలోలని చటుక్కున అనేస్తారు. కానీ పొడి గింజ 78 కిలోలు మారదు. అది ఇప్పుడు 83 శాతం కాబట్టి మిగిలేది 94 కిలోలు. వంద లారీలు కొనే మిల్లుకు ఆ కిలో చిన్నది కాదు.

ఉద్యోగాల సంగతి. ట్రాక్టర్, డ్రిప్ కంపెనీల్లో మొదటి కొలువు చాలామందికి అమ్మకాలు, సర్వీసు వైపే. బండి మీద ఊళ్లు తిరగాలి, టార్గెట్లు ఉంటాయి, ఏసీ గది ఆశించి రావద్దు. బ్యాంకుల్లో వ్యవసాయ క్షేత్రాధికారి పోస్టుకు ఈ డిగ్రీ చెల్లుతుంది. ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు పరీక్షలో అగ్రికల్చరల్ ఇంజినీరింగ్ ఆప్షనల్‌గానే ఉంది, కాకపోతే దానితో పాటు అగ్రికల్చర్‌ను తీసుకోనివ్వరు. గేట్‌లో ఈ బ్రాంచికి విడిగా ఏజీ పేపరుంది, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్‌కు అదే తలుపు. డ్రోన్ పైలట్ సర్టిఫికెట్‌కు పదో తరగతి చాలు, దానికోసం ఈ కోర్సు అక్కర్లేదు.

ఇన్‌ప్లాంట్ ట్రైనింగ్‌ను (కోర్సులో భాగంగా పరిశ్రమలో చేసే శిక్షణను) మాత్రం వృథా చేసుకోవద్దు. ఇంటి పక్క డీలర్ దగ్గర సంతకం పెట్టించుకుని తిరిగేవాళ్లు ఎక్కువ. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలోనో, మేడ్చల్ వైపు విత్తన ప్రాసెసింగ్ ప్లాంట్‌లోనో అడగండి. యంత్రాలే ఇష్టమైతే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ట్రాక్టర్ డ్రైవింగ్ లైసెన్సు లేకపోతే అక్కడికి వెళ్లేలోగా తీసుకోండి.