సెట్‌బ్యాక్ మినహాయింపు: ఒక ఆర్కిటెక్ట్ సంస్థ సేవపై నా సమీక్ష

న్యూజెర్సీలోని మా ఇంటి వెనుక ఒక గది కట్టాలంటే, హద్దు నుంచి ఖాళీగా (సెట్‌బ్యాక్) 25 అడుగులు వదలవలసిన చోట 21 అడుగులే మిగులుతుండటంతో, జోనింగ్ బోర్డు (స్థల వినియోగ నియమాలు చూసే స్థానిక మండలి) ముందు వేరియెన్స్, అంటే నియమం నుంచి మినహాయింపు, దరఖాస్తు నడిపే బాధ్యతను ఒక చిన్న ఆర్కిటెక్ట్ సంస్థకు అప్పగించాము.

వారి అసలు బలం వాదనను మలచడంలో ఉంది. ఊరి నుంచి వచ్చే అమ్మానాన్నలకు గది కావాలన్నది మాకు పెద్ద కారణమే గాని, 1975 నాటి మునిసిపల్ ల్యాండ్ యూజ్ చట్టం కింద మినహాయింపుకు చూపే కష్టం స్థలం తీరు వల్ల వచ్చినదై ఉండాలి, యజమాని సొంత అవసరం వల్ల కాదని మొదటి రోజే స్పష్టంగా చెప్పారు. (మా ఇంట్లో ఇది కొంత నొప్పించింది.) మా స్థలం లోతు తక్కువగా, ఒక పక్కకు వాలి ఉందని సర్వే పటంతో, ఫొటోలతో చూపిన తీరు మెచ్చుకోదగినది.

నోటీసుల విషయంలో మాత్రం వారి అజాగ్రత్త క్షమించరానిది. విచారణకు కనీసం 10 రోజుల ముందు, 200 అడుగుల లోపు ఆస్తిదారులందరికీ నోటీసు అందించి, పత్రికలోనూ ప్రకటించాల్సి ఉండింది. పత్రికా ప్రకటన ఒక రోజు ఆలస్యమైనందున బోర్డు మా దరఖాస్తును వినకుండానే మరుసటి నెలకు వాయిదా వేసింది. చివరికి అనుమతి లభించింది.

ఫీజు ఎక్కువే. డ్రాయింగులకు, వాదనకు వీరిని నియమించుకోవచ్చు. నోటీసుల తేదీలను మాత్రం మీరే లెక్కపెట్టుకోండి.