టాప్-అప్ లోన్‌తో ఇల్లు బాగు చేయించాం: వడ్డీ పర్లేదు, అంటగట్టేవాటితోనే తంటా

మాది విజయవాడలో పాత ఇల్లు. పోయిన వానాకాలంలో వెనక గది స్లాబ్ కారి కారి పెచ్చులు ఊడి మంచం మీద పడ్డాయి, ఆ టైమ్‌లో ఎవరూ పడుకుని లేరు కాబట్టి సరిపోయింది. వాటర్‌ప్రూఫింగ్, రెండు బాత్‌రూములు, ఎలాగూ దుమ్ము తప్పదు కదా అని మా ఆవిడ అడిగిన వంటగది, అన్నీ కలిపి 7 లక్షలు తేలింది. 2016లో తీసుకున్న 25 లక్షల హోమ్ లోన్‌లో ఇంకా 18.5 లక్షల బాకీ ఉంది, దాని మీదే టాప్-అప్ (ఉన్న లోన్ మీద అదనంగా ఇచ్చే అప్పు) ఇస్తామని మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి కాబట్టి అదే బ్యాంకుకి వెళ్లాం. (పేరు రాయను, వాళ్లతో ఇంకా పదేళ్లు పనుంది.)

వడ్డీ 9.25 శాతం. అక్కడే పర్సనల్ లోన్ అడిగితే 12.5 అన్నారు. దస్తావేజులు వాళ్ల దగ్గరే ఉన్నాయి కాబట్టి కొత్తగా ఈసీ (ఆస్తి మీద వేరే తాకట్లు ఉన్నాయో లేదో చెప్పే సర్టిఫికెట్), వాల్యుయేషన్, శాలరీ స్లిప్పులు, పని ఎస్టిమేట్ చాలన్నారు. మేస్త్రీ చీటీ మీద రాసిచ్చిన లెక్క పట్టుకెళ్తే నవ్వారు, ఇంజినీర్ సంతకం కావాలట. ఆ ముక్క ఫోన్‌లోనే చెప్పి ఉంటే ఒక సెలవు మిగిలేది.

అసలు చిరాకు సంతకాల రోజు. అడక్కుండానే 15 ఏళ్లు పెట్టి "ఈఎంఐ 7,200 చిల్లరే సార్" అన్నారు. ఇంటికొచ్చి లెక్కేస్తే వడ్డీయే దాదాపు 6 లక్షలు! పదేళ్లకి మార్పిస్తే ఈఎంఐ 8,960కి పెరిగింది, వడ్డీ 3.75 లక్షలకి దిగింది. తమాషా ఏంటంటే 12.5 శాతం పర్సనల్ లోన్ ఐదేళ్లలో తీర్చేస్తే వడ్డీ 2.45 లక్షలే, కాకపోతే నెలకి 15,750 కట్టాలి, అది మా వల్ల కాదు. టాప్-అప్ ఫ్లోటింగ్ రేటు (మధ్యలో మారుతూ ఉండే వడ్డీ) కాబట్టి ముందే కట్టినా పెనాల్టీ లేదు, బోనస్ వచ్చినప్పుడల్లా అందులో వేద్దామనుకుంటున్నాం.

ఇంకోటి, కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అని లోన్ వడ్డీ, ఛార్జీలు అన్నీ ఒకచోట రాసిన కాగితం ఇస్తారు, 2024 అక్టోబర్ నుంచి కొత్త రిటైల్ (మనలాంటి వ్యక్తులకిచ్చే) లోన్లకి అది ఇచ్చి తీరాలని ఆర్బీఐ రూలు. దాన్ని చదవబట్టే 42,000 ఇన్సూరెన్స్ ప్రీమియం లోన్‌లోనే కలిపేశారని తెలిసింది. అడిగితే "అందరూ తీసుకుంటారు సార్" అన్నారు. తప్పనిసరి అని రాసివ్వండి అన్నాను, మర్నాటికల్లా తీసేశారు.

పన్ను మీద పెద్ద ఆశ పెట్టుకోకండి. సొంతంగా ఉంటున్న ఇంటి రిపేరు లోన్ వడ్డీకి పాత విధానంలో ఏడాదికి 30,000 దాకానే మినహాయింపు, అదీ హోమ్ లోన్ వడ్డీ 2 లక్షల పరిమితిలోనే. కొత్త విధానంలో అదీ లేదు.

లోన్‌కి నాలుగు స్టార్లు ఇవ్వొచ్చు, ఆ కౌంటర్‌కి రెండే. డబ్బు పదహారో రోజున పడింది. గది ఇప్పుడు కారట్లేదు, వంటగది టైల్స్ మాత్రం ఇంకా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి, అది మేస్త్రీ పుణ్యం.